పరుగు పందెం – ముగ్గు గీతల లెక్క



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారి నుంచి కబురు వచ్చినప్పుడు ఏం రాయాలా అని చాలా ఆలోచించాం. చదువు గురించి, క్రమశిక్షణ గురించి పెద్దలు ఎలాగూ రాస్తారు. మాకు హాస్టల్ అనగానే మొదట గుర్తొచ్చేది మాత్రం పరుగే. అందుకని పరుగు గురించే రాస్తున్నాం. రాసే చేయి ఒకటే అయినా ఇందులో ఉన్నవి మా బ్యాచ్ అందరి మాటలు. మాలో కొందరిది హిందూపురం చుట్టుపక్కల పల్లెలు, కొందరిది పెనుకొండ, కొందరిది ధర్మవరం. పి.జి. చదువుతున్నవాళ్లం ఉన్నాం, ఉద్యోగాల కోసం తిరుగుతున్నవాళ్లం ఉన్నాం. మా ఇళ్లల్లో డిగ్రీ పట్టా అనేది మాతోనే మొదలు.

మేము హాస్టల్లో చేరేనాటికి మాది అనంతపురం జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి మన మూడు ఊళ్లూ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. జిల్లా పేరు మారింది గానీ నేల మారలేదు. అదే ఎర్రమట్టి, అదే గరుసు, అవే పల్లేరుకాయలు.

పల్లెలో మాకు పరుగు ఎవరూ నేర్పలేదు. అంగడికి పోయి బెల్లం తెమ్మంటే నడిచి వెళ్లిన రోజు ఒక్కటీ లేదు. నోటితో మోటారు సైకిలు చప్పుడు చేసుకుంటూ, మలుపు దగ్గర గేరు మార్చుకుంటూ ఉరికేవాళ్లం. పాత సైకిల్ టైరు దొరికితే చేతిలో కట్టెతో దాని వెంట ఊరంతా తిరిగేవాళ్లం. ధర్మవరం నుంచి పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగుళూరు వెళ్లే రైలు కూత వినబడితే చాలు, చెనక్కాయ చేను గట్ల మీద పడి కట్ట దాకా పరుగు. రైల్లోవాళ్లు చెయ్యి ఊపితే ఆ రోజు పండగే. ధర్మవరం మిత్రులది ఇంకో కథ. ఇంట్లో పట్టు మగ్గం ఉండేది. బడి అయ్యాక కండెలు చుట్టడానికి కూర్చోబెట్టేవారు. పెద్దలు గుంటలోకి కాళ్లు దించి పొద్దంతా నేస్తుంటే పిల్లలు పక్కన రాట్నం తిప్పాలి. పని అయిపోయిందని నాన్న తల ఊపగానే వీధిలోకి దూకేవాళ్లమని వాళ్లు ఇప్పటికీ చెబుతారు. కూర్చుని కూర్చుని ఉన్నవాడికి తెలిసినంతగా పరుగు విలువ ఇంకెవరికీ తెలియదేమో!

పెనుకొండ హాస్టల్లో ఉన్నప్పుడు తెల్లవారుజామున గంట కొట్టేవారు. స్టడీ అవర్‌కు ముందు గగన్‌మహల్ దాకా పరుగెత్తి రావాలి. విజయనగర రాజులు వేసవి విడిదికి వాడుకున్న మహలు అది. 1565లో తళ్లికోట యుద్ధం తరువాత పెనుకొండే రాజధాని అయిందని సోషల్ సారు చెప్పేవారు. మాకు మాత్రం అది ముట్టుకుని వెనక్కి తిరగాల్సిన గోడ! అంత చలిలో ఎందుకు పరిగెత్తాలి అని మొదటి వారం ఏడ్చినవాళ్లం, నెల తిరిగేసరికి గంట కొట్టకముందే లేచేవాళ్లం.

ఆగస్టు 15కు, జనవరి 26కు బడిలో పోటీలు పెట్టేవారు. వంద మీటర్లు, రెండు వందల మీటర్లు, గోనెసంచి పందెం, నిమ్మకాయ చెంచా. మొదటి బహుమతి స్టీలు టిఫిన్ డబ్బా, రెండోది స్టీలు గ్లాసు, మూడోది సబ్బుపెట్టె. మాలో ఒకరి అమ్మ ఆ గ్లాసులోనే ఈరోజుకీ నీళ్లు తాగుతుంది, ఇంకెవరికీ ఇవ్వదు. బడిలో గెలిచినవాళ్లను మండల స్థాయికి, అక్కడినుంచి డివిజన్‌కు తీసుకుపోయేవారు. హిందూపురం ఎం.జి.ఎం. హైస్కూలు మైదానం మొదటిసారి చూసినప్పుడు మాకు నోట మాట రాలేదు. అంత పెద్ద ఖాళీ స్థలం, పరిగెత్తడానికే వదిలిపెట్టారా అనిపించింది.

ఇంతవరకూ మీకూ తెలిసిన సంగతులే. ఇక అసలు విషయానికి వస్తాం.

ఒక పోటీలో జరిగింది

మేము తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక పోటీకి వెళ్లాం. ఏ ఊరో, ఏ బడో ఇక్కడ అనవసరం. 200 మీటర్ల పందెం. గ్రౌండు చుట్టుకొలత కూడా 200 మీటర్లే, అంటే సరిగ్గా ఒక రౌండు. ఆరు లేన్లు గీశారు. చీటీ తీస్తే మా ధర్మవరం మిత్రుడికి ఐదో లేను వచ్చింది. ఆరుగురినీ ఒకే అడ్డగీత మీద నిలబెట్టారు. ఎవరి లేనులో వాళ్లు పరిగెత్తాలన్నారు, విజిల్ ఊదారు. మావాడు ప్రాణం పెట్టి ఉరికాడు. నాలుగోవాడిగా వచ్చాడు. మొదటి ఇద్దరినే పైకి పంపుతారు. తిరుగు బస్సులో ఎవరితోనూ మాట్లాడలేదు. తరువాత రెండు మూడు పోటీలకు పేరు ఇచ్చాడు గానీ మునుపటి ఉత్సాహం లేదు. పదో తరగతికి వచ్చేసరికి మానేశాడు.

అందులో తప్పు ఎక్కడుందో మాకు ఆనాడు తెలియలేదు. ఎవరూ కావాలని చేసింది కూడా కాదు. లెక్క తెలియక జరిగింది. డిగ్రీలో లెక్కలు తీసుకున్నాక ఒకరోజు వృత్తాల గురించి చదువుతుంటే అది గుర్తుకొచ్చి, నోటుబుక్కు వెనక అట్ట మీద గీసి చూసుకున్నాం. మావాడు పరిగెత్తింది 200 మీటర్లు కాదు, 230 మీటర్లు!

లెక్క ఏమిటి?

ట్రాక్ అంటే రెండు నిలువు గీతలు, రెండు అర్ధవృత్తాలు. నిలువు భాగంలో అన్ని లేన్లూ సమానమే. తేడా అంతా వంపుల్లో వస్తుంది. రెండు అర్ధవృత్తాలు కలిపితే ఒక పూర్తి వృత్తం. వృత్తం చుట్టుకొలత కావాలంటే వ్యాసార్ధాన్ని రెండు పైలతో హెచ్చవేయాలని మీకు ఎనిమిదో తరగతిలోనే చెప్పి ఉంటారు. లేను వెడల్పు 1.22 మీటర్లు, అంటే మన నాలుగడుగులు. ఒక లేను బయటికి జరిగితే వ్యాసార్ధం 1.22 మీటర్లు పెరుగుతుంది. దాన్ని 2 తోనూ 3.1416 తోనూ హెచ్చవేస్తే 7.67 మీటర్లు వస్తుంది. అంటే ఒక్కో లేను బయటికి వెళ్లేకొద్దీ ఒక రౌండుకు 7.67 మీటర్లు ఎక్కువ దూరం. ఐదో లేను మొదటిదానికి నాలుగు లేన్ల అవతల ఉంది. నాలుగు ఏడున్నరలు ముప్పై, పైన కొంచెం. మొత్తం 30.66 మీటర్లు.

ఆ వయసు పిల్లవాడు సెకనుకు ఏడు మీటర్లు పరిగెత్తాడనుకున్నా ఇది నాలుగు సెకన్ల పైమాటే. నాలుగు సెకన్లంటే ఏమిటో పరిగెత్తినవాడికి తెలుసు. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో పి.టి. ఉషకు 400 మీటర్ల హర్డిల్స్‌లో కాంస్యం పోయింది సెకనులో నూరో వంతు తేడాతో. మూడో స్థానం 55.41, ఉష 55.42.

అందుకే పెద్ద పోటీలలో ఒకరి ముందు ఒకరు మెట్లు మెట్లుగా నిలబడి ఉంటారు. టీవీలో చూసే ఉంటారు. దీన్నే పి.ఇ.టి. సార్లు స్టాగర్ అంటారు. బయటి లేనువాడు ఎంత ఎక్కువ తిరగాలో సరిగ్గా అంత ముందుకు జరిపి నిలబెడతారు. 400 మీటర్ల ట్రాక్ మీద ఒక రౌండు పందెంలో ఎనిమిదో లేనువాడు మొదటివాడికి 53.03 మీటర్లు ముందు ఉంటాడు. చూసేవాళ్లకు వాడు అప్పుడే గెలిచేసినట్టు కనబడుతుంది. ముగింపు గీత మాత్రం అందరికీ ఒకటే. అక్కడికి వచ్చేసరికి అందరూ సరిగ్గా 400 మీటర్లే పరిగెత్తి ఉంటారు. (అక్కడ మొదటి లేను లోపల ఎత్తయిన అంచు ఉంటుంది. అంచు ఉంటే దూరాన్ని 30 సెంటీమీటర్లు వదిలి కొలుస్తారు, ముగ్గు గీతే అయితే 20. ఆ పది సెంటీమీటర్ల వల్ల అక్కడ రెండో లేను స్టాగర్ 7.04 అవుతుంది, మిగతావన్నీ 7.67.)

ఇందులో ఒక విచిత్రం ఉంది. గ్రౌండు చిన్నదైనా పెద్దదైనా ఒక రౌండుకు లేను తేడా మారదు. మన బడిలో ఇరుకు గ్రౌండైనా 7.67, ఒలింపిక్ మైదానమైనా 7.67. మొదట మేమూ నమ్మలేదు. వ్యాసార్ధం ఎంత పెరిగిందన్నదే లెక్క, మొత్తం ఎంత ఉందన్నది కాదు. నమ్మకం కుదరకపోతే ఒక గిన్నె చుట్టూ, ఒక బావి చుట్టూ తాడు పెట్టి చూడండి. రెండింటికీ ఒక అడుగు ఎడం జరిపితే తాడు ఒకేలాగా పెరుగుతుంది.

ఈ లెక్క తెలిశాక మావాడికి ఫోన్ చేశాం. ఇప్పుడు బెంగుళూరులో పని చేస్తున్నాడు. అంతా విని కాసేపు మాట్లాడలేదు. తరువాత, "అట్లనా? ఇన్నేండ్లూ నాకే దమ్ము చాల్లేదనుకుంటి కదప్పా" అన్నాడు. ఆ మాట మా మనసులోంచి పోలేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా అదే.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేం. పి.జి.లో సీటు వచ్చిన కొత్తలో క్లాసులో ఒకాయన "మీకేంలే, మిమ్మల్ని ముందు నిలబెడతారు కదా" అన్నాడు. చెడ్డవాడు కాదు, ఇప్పుడు మాకు మంచి స్నేహితుడే. ఆ రోజు మాకు కోపం వచ్చింది గానీ జవాబు రాలేదు. మరుసటి రోజు బోర్డు మీద ఆరు లేన్లు గీసి, ఈ 7.67 లెక్క వేసి చూపించాం. కూలికి పోయే ఇంట్లోంచి, కరెంటు లేని గుడిసెలోంచి, అమ్మానాన్న వేలిముద్ర వేసే ఇంట్లోంచి వచ్చినవాడు బయటి లేనులో ఉన్నాడు. వాణ్ణి ముందు నిలబెట్టారని కాదు, ఎంత చుట్టు తిరిగి వచ్చాడో కూడా చూడమన్నాం. ఆయన చాలాసేపు బోర్డు వైపు చూసి, "మరి ముగింపు గీత ఒకటేనా?" అని అడిగాడు. ఒకటేనన్నాం. పరీక్ష పేపరు అందరికీ ఒకటే కదా!

మీ గ్రౌండులో మీరే గీసుకోవచ్చు

95 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పు స్థలం ఉంటే ఆరు లేన్ల 200 మీటర్ల ట్రాక్ పడుతుంది. 40 మీటర్ల దూరంలో రెండు మేకులు కొట్టండి. ఒక్కో మేకు నుంచి 18.90 మీటర్ల తీగతో బయటివైపు అర్ధవృత్తం తిప్పండి. రెండింటి కొనలనూ నిలువు గీతలతో కలపండి. అదే మొదటి లేను లోపలి గీత. దానికి 20 సెంటీమీటర్ల బయట మనిషి పరిగెత్తుతాడని లెక్క. అక్కడ వ్యాసార్ధం 19.10, వంపులు రెండూ కలిపి 120 మీటర్లు, నిలువు భాగాలు రెండూ 80. తరువాత 1.22 చొప్పున తీగ పెంచుకుంటూ పోతే మిగతా గీతలు వస్తాయి. నైలాను తాడు వాడవద్దు, లాగితే సాగుతుంది. మేము ఒకసారి బట్టలు ఆరేసే తాడుతో గీసి వంకాయ ఆకారం తెచ్చాం. ఇనుప తీగ మంచిది. మూలమట్టం సరిగ్గా కుదరాలంటే తాడుకు వరుసగా 3, 4, 5 మీటర్ల ఎడంతో ముడులు వేసి త్రిభుజంగా లాగి పట్టుకోండి, లంబకోణం దానంతటదే వస్తుంది. పైథాగరస్ సిద్ధాంతం పరీక్షకే అనుకున్నాం గానీ గ్రౌండుకే బాగా పనికొచ్చింది. గీతలకు ముగ్గుపిండి చాలు. ఘాటు సున్నం వద్దు, కాళ్లూ కళ్లూ మండుతాయి.

ఒక రౌండు పందేనికి రెండో లేను 7.67, మూడోది 15.33, నాలుగోది 23.00, ఐదోది 30.66, ఆరోది 38.33 మీటర్లు ముందు. నిలువు గీత మీద నేరుగా పెట్టే వంద మీటర్లకు ఇదేమీ అక్కర్లేదు. 1500 మీటర్ల వంటి పెద్ద పందేలకు లేన్లు ఉండవు, అందరూ లోపలి గీత పక్కకు వచ్చేయవచ్చు. అందుకే అక్కడ బయలుదేరే గీతను వంపుగా గీస్తారు.

పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారయ్యే అన్నలకు ఇది ఇంకా ముఖ్యం. 2022 నోటిఫికేషన్ ప్రకారం 1600 మీటర్లను మగవాళ్లు 8 నిమిషాల్లో, ఆడవాళ్లు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తి చేయాలి. 400 మీటర్ల ట్రాక్ అయితే నాలుగు రౌండ్లు. గుంపులో పడి ఒక లేను బయటనే పరిగెత్తారనుకోండి, దాదాపు 30 మీటర్లు అదనం. ఎనిమిది నిమిషాల వేగంతో పోయేవాడికి అది తొమ్మిది సెకన్లు. మా ఎరుకలోనే ఇంతకంటే తక్కువ తేడాతో వెనక్కి వచ్చినవాళ్లున్నారు. వీలైనంత లోపలి గీత పట్టుకుని పరుగెత్తండి. దాటాలంటే నిలువు భాగంలో దాటండి, వంపులో వద్దు.

మొదటే ఉరికేయడం కూడా మనవాళ్ల అలవాటు. కండరాల్లో దాచి ఉన్న శక్తి పూర్తి వేగానికి పది సెకన్ల దాకా సరిపోతుంది. పరుగు సాగేకొద్దీ ఊపిరితో వచ్చే ఆక్సిజన్ మీద ఎక్కువగా ఆధారపడాలి. పెద్ద పందెంలో తొలి రౌండులో అందరికంటే ముందున్న పిల్లవాడు మూడో రౌండులో నడుం పట్టుకుని నిలబడేది అందుకే.

చెల్లెళ్లకు ఒక మాట. వారానికొకటి బడిలో ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను కిటికీలోంచి పారేయవద్దు. మా బ్యాచ్ అమ్మాయిలు కూడా పారేసినవాళ్లే! ఆక్సిజన్‌ను కండరాలకు మోసుకుపోయేది రక్తంలోని హిమోగ్లోబిన్. దానికి ఇనుము కావాలి. అది తక్కువైతే ఎంత మనసు పెట్టినా కాళ్లు కదలవు. ఏడో తరగతి దాకా చున్నీ నడుముకు కట్టుకుని మాకంటే ముందు ఉరికిన అమ్మాయిలు, పెద్దమనిషి అయ్యాక గ్రౌండు గోడ పక్కన కూర్చుని మాకు చప్పట్లు కొట్టారు. వాళ్లలో కొందరు మాకంటే మంచి పరుగుగత్తెలు. అడిగి ఉండాల్సింది మేమే, అడగలేదు.

2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్‌లో కాంస్య పతకం తెచ్చిన అగసర నందిని తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన అమ్మాయి. తండ్రి టీ అమ్మేవాడు. హెప్టాథ్లాన్ అంటే రెండు రోజుల్లో ఏడు పోటీలు, చివరిది 800 మీటర్ల పరుగు. ఆమెకు వచ్చినవి 5712 పాయింట్లు. నాలుగో స్థానంలో నిలిచిన స్వప్న బర్మన్‌కు 5708. నాలుగు పాయింట్లంటే 800 మీటర్లలో సెకనులో మూడో వంతు కూడా కాదు. ఆ వార్త వచ్చిన రోజు మా వాట్సాప్ గ్రూపులో రాత్రి పన్నెండు దాకా ఇదే మాట. మన హాస్టల్ వంటి హాస్టల్లో పడుకుని లేచిన పిల్ల!

చెప్పుల సంగతి చాలామంది అడుగుతుంటారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఇథియోపియాకు చెందిన అబెబె బికిలా వట్టి కాళ్లతో మారథాన్ గెలిచాడు. చిన్నప్పటినుంచి వట్టి కాళ్లతో పరుగెత్తినవాళ్లు మడమ కంటే పాదం ముందు భాగాన్ని ఎక్కువగా ఆనిస్తారనీ, దానివల్ల నేల కొట్టే దెబ్బ తగ్గుతుందనీ హార్వర్డ్ శాస్త్రవేత్తలు 2010లో ప్రకటించారు. మన పిల్లలు తెలియకుండానే అలా పరుగెత్తుతారు. అలాగని చెప్పులు లేకపోవడాన్ని గొప్పగా చెప్పుకోవడం మాకు ఇష్టం లేదు. ఆ బికిలాయే 1964లో టోక్యోలో బూట్లు వేసుకుని మళ్లీ గెలిచాడు. బూట్లు ఇప్పిస్తామంటే తప్పకుండా అడగండి. లేని రోజున పల్లేరుకాయలు ఊడ్చి పరుగెత్తండి. ముల్లు దిగితే దాచకుండా వార్డెన్ గారికి చెప్పి టి.టి. ఇంజెక్షన్ వేయించుకోండి.

ఈసారి వార్షికోత్సవానికి మేమంతా వస్తున్నాం. 18.90 మీటర్ల దగ్గర గుర్తు కట్టిన ఇనుప తీగ, రెండు మేకులు, ఒక బస్తా ముగ్గుపిండి మేమే తెస్తాం. పొద్దున ఆరు గంటలకల్లా గ్రౌండు దగ్గర ఉంటే అందరం కలిసి గీతలు గీద్దాం. పిల్లల పోటీలయ్యాక పాత విద్యార్థులకు 200 మీటర్లు పెడతామని సారు ఒప్పుకున్నారు. బెంగుళూరు నుంచి మావాడూ వస్తానన్నాడు. చీటీ తీయనక్కర్లేదట, ఐదో లేనే ఇమ్మన్నాడు.